‘వాటర్ ట్యాంక్’లో వాటర్ నౌనా, అడ్జెక్టివా? ఇంగ్లీషు గ్రామర్ పదాల చిక్కు విప్పితే

ఇప్పుడు ఫోన్‌లో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు టైప్ చేస్తే చాలు, కింద ఒక రంగు గీత పడుతుంది. నొక్కి చూస్తే ‘సెంటెన్స్ ఫ్రాగ్మెంట్’ అనో, ‘ప్యాసివ్ వాయిస్’ అనో, ‘సబార్డినేట్ క్లాజ్ తర్వాత కామా పెట్టండి’ అనో కనిపిస్తుంది. దిద్దడం తేలికే, ఒక్క నొక్కుతో గీత పోతుంది. ఏం దిద్దామో మాత్రం తెలియదు. పిల్లల పుస్తకాలు తెరిస్తే ఇంకో గొడవ. పెద్దవాళ్ళు ‘ఆర్టికల్’ అని చదువుకున్నదాన్ని అక్కడ ‘డిటర్మినర్’ అంటారు. బడిలో పన్నెండు టెన్సులు బట్టీ పట్టినవాళ్ళకి, అసలు ఇంగ్లీషులో ఉన్నవి రెండే అని ఎవరో ఒక వీడియోలో చెబుతారు.

విడివిడిగా చూస్తే ఈ పదాల్లో కష్టమైనవి తక్కువే. అన్నిటినీ ఒకే జాబితాలో కలిపి నేర్పడం వల్ల వచ్చిన తంటా ఇది. నౌన్, సబ్జెక్ట్, ఫ్రేజ్ అనే మూడు మాటల్నే తీసుకోండి. పుస్తకంలో పక్కపక్కనే ఉంటాయి, కానీ ఇవి మూడు వేరువేరు ప్రశ్నలకి జవాబులు. ఈ మాట ఏ రకానిది అని అడిగితే ‘నౌన్’ అనేది జవాబు. వాక్యంలో ఏ పని చేస్తోంది అని అడిగితే ‘సబ్జెక్ట్’ అనేది జవాబు. ఎంత పెద్ద ముక్క అని అడిగితే ‘ఫ్రేజ్’ అనేది జవాబు. రకం, పని, పరిమాణం అనే ఈ మూడింటినీ విడదీసి చూస్తే గ్రామర్ వాదనల్లో చాలా భాగం అక్కడికక్కడే తేలిపోతాయి. తేలనివి కొన్ని మిగులుతాయి. వాటి మీద పండితులే రెండు మూడు పక్షాలుగా ఉన్నారు.

రకం వేరు, పని వేరు

‘డ్రింక్ వాటర్’లో ‘వాటర్’ నౌన్ అని అందరూ ఒప్పుకుంటారు. ‘వాటర్ ద ప్లాంట్స్’లో అదే మాట వెర్బ్ అయింది. అనుమానముంటే ‘వాటర్డ్’, ‘వాటరింగ్’ అని రూపాలు మార్చి చూడొచ్చు. మొక్కలకి నీళ్ళు పోశాం, పోస్తున్నాం అనే అర్థం చక్కగా వస్తుంది. చిక్కు మూడో చోట ఉంది. ‘వాటర్ ట్యాంక్’లో ‘వాటర్’ ఏమిటి?

ట్యాంకు ఎలాంటిదో చెబుతోంది కాబట్టి అడ్జెక్టివ్ అని చాలామంది టక్కున చెబుతారు. పరీక్షించి చూద్దాం. నికరమైన అడ్జెక్టివ్ ముందు ‘వెరీ’ పెట్టొచ్చు: ‘వెరీ బిగ్ ట్యాంక్’. ‘వెరీ వాటర్ ట్యాంక్’ అని ఎవరూ అనరు. అడ్జెక్టివ్‌ని ‘ఈజ్’ తర్వాత కూడా పెట్టొచ్చు: ‘ద ట్యాంక్ ఈజ్ బిగ్’. ‘ద ట్యాంక్ ఈజ్ వాటర్’ అంటే ట్యాంకే నీరైపోయిందని అర్థం. రెండు పరీక్షల్లోనూ ఇది నెగ్గలేదు. కాబట్టి రకం చూస్తే ‘వాటర్’ ఇక్కడా నౌనే. పని చూస్తే మాత్రం ట్యాంక్‌ని వర్ణిస్తోంది. ఆ పనికి ‘మాడిఫయర్’ అని పేరు. బౌలర్ బ్యాటు పట్టుకుని క్రీజులోకి వస్తే ఆ కాసేపు అతను చేసేది బ్యాటింగే, అంతమాత్రాన జట్టు జాబితాలో అతని పేరు పక్కన రాసింది మారిపోదు.

తెలుగులో ఈ సంగతి మనకి తెలియకుండానే తెలుసు. ‘నీళ్ళ ట్యాంకు’లో ‘నీళ్ళు’ అనే నామవాచకమే పక్క మాటకి ఆనుకోవడానికి ‘నీళ్ళ’ అయింది. మన భాషలో ఆ మార్పు బయటికి కనిపిస్తుంది. ఇంగ్లీషులో మాట రూపం మారదు, కూర్చున్న చోటు మారుతుంది. అందుకే ఇంగ్లీషులో ‘ఇది ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్?’ అని ఒంటరి మాటని అడగడం అర్థం లేని ప్రశ్న. ‘ఫాస్ట్’ ఏ రకం అంటే ఏం చెబుతాం? ‘ఎ ఫాస్ట్ కార్’లో అడ్జెక్టివ్, ‘షి రన్స్ ఫాస్ట్’లో అడ్వెర్బ్, ఉపవాసం అనే అర్థంలో నౌన్, ఉపవాసం ఉండడం అనే అర్థంలో వెర్బ్. వాక్యం చూపించకుండా మాట ఒక్కటే ఇచ్చి అడిగే ప్రశ్నపత్రాలు పిల్లల్ని అనవసరంగా ఇబ్బంది పెడుతున్నాయని నా అభిప్రాయం.

ఎనిమిది అనే లెక్క ఎక్కడిది

పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిది అని బడిలో చెబుతారు. ఎనిమిదే ఎందుకు? ఈ లెక్క ఇంగ్లీషును చూసి వేసింది కాదు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానికి చెందిన డయొనీసియస్ థ్రాక్స్ పేరు మీద ఉన్న గ్రీకు వ్యాకరణం గ్రీకు మాటల్ని ఎనిమిది రకాలుగా విడదీసింది. అందులో ఆర్టికల్ ఒక రకం, పార్టిసిపుల్ (వెర్బ్ నుంచి పుట్టి అడ్జెక్టివ్‌లా పనిచేసే రూపం) ఇంకో రకం. రోమన్ వ్యాకర్తలు దాన్ని లాటిన్‌కి తెచ్చుకున్నారు. లాటిన్‌లో ఆర్టికల్స్ లేవు. ఆ ఖాళీలోకి ఇంటర్జెక్షన్ (‘అయ్యో’, ‘ఆహా’ లాంటి మాట) వచ్చి చేరింది, లెక్క మళ్ళీ ఎనిమిదైంది. ఇంగ్లీషుకి తెలిసినంతలో మొదటి వ్యాకరణం విలియం బులోకర్ 1586లో అచ్చువేసింది. అదీ లాటిన్ వ్యాకరణాన్ని నమూనాగా పెట్టుకుని రాసిందే. తర్వాతి శతాబ్దాల్లో అడ్జెక్టివ్ నౌన్ నుంచి విడిపోయింది, పార్టిసిపుల్ వెర్బ్‌లో కలిసిపోయింది. 1795లో లిండ్లీ మర్రే ఆర్టికల్‌ని విడిగా లెక్కించి తొమ్మిది అన్నాడు. అయినా బడి పుస్తకాల్లో చివరికి నిలిచింది ఎనిమిదే. ఇంగ్లీషులో ప్రతి వాక్యంలోనూ తగిలే ‘ఎ’, ‘ద’లకి అందులో సొంత గది దొరకలేదు, వాటిని అడ్జెక్టివ్ కింద సర్దేశారు.

‘డిటర్మినర్’ అనే పదం ఈ లోటు పూడ్చడానికి వచ్చిందే. ‘ఎ’, ‘ద’, ‘దిస్’, ‘మై’, ‘ఎవ్రీ’, ‘సమ్’ లాంటివన్నీ ఈ గుంపులోకి వస్తాయి. కొత్త పేరు పెట్టడానికి కారణం ఉంది. అడ్జెక్టివ్‌లు ఎన్నైనా వరసగా పేర్చొచ్చు: ‘బిగ్ ఓల్డ్ రెడ్ బుక్’. ఈ మాటలు అలా కుదరవు. ‘మై ద బుక్’ అనలేం, ‘దిస్ మై బుక్’ అనలేం. ఆ చోట ఒక్కదానికే స్థలం. పైగా ‘బుక్’ లాంటి లెక్కపెట్టగలిగే ఏకవచన నౌన్ ముందు అది ఖాళీగా ఉంటే వాక్యం కుంటుతుంది. ‘ఐ బాట్ రెడ్ బుక్’ తప్పు, ‘ఐ బాట్ ఎ రెడ్ బుక్’ ఒప్పు. తెలుగులో ‘ఎర్ర పుస్తకం కొన్నాను’ అంటే లోటేమీ ఉండదు. మన నోటికి ఆ ఖాళీ అలవాటు లేదు, అందుకే ఆర్టికల్స్ అంతగా జారిపోతుంటాయి.

మరి ‘మై’ని పొసెసివ్ అడ్జెక్టివ్ అన్న పాత పుస్తకం తప్పా? తప్పనక్కర్లేదు. పాతవాళ్ళు అది నౌన్‌కి ఏం చేస్తోందో చూసి పేరు పెట్టారు. కొత్తవాళ్ళు అది ఏ గుంపుతో కలిసి నడుస్తోందో చూసి పెట్టారు. ఇంకొందరు ‘ఐ, మి, మై’ ఒకే మాటకి మూడు రూపాలు కాబట్టి అది ప్రొనౌన్ అంటారు. మూడు పేర్లూ వేరువేరు ప్రశ్నలకి సరైన జవాబులే.

సబ్జెక్ట్‌ని కర్త అనుకుంటే ఎక్కడ దెబ్బతింటాం

తెలుగు మీడియంలో సబ్జెక్ట్ అంటే కర్త, ఆబ్జెక్ట్ అంటే కర్మ అని నేర్పుతారు. మొదటి వారం పని జరిగిపోతుంది. ప్యాసివ్ వాయిస్ వచ్చేసరికి ఇల్లు కూలుతుంది.

‘రవి బ్రోక్ ద గ్లాస్’లో రవి సబ్జెక్ట్, రవి కర్త. బాగుంది. ‘ద గ్లాస్ వాజ్ బ్రోకెన్ బై రవి’లో సబ్జెక్ట్ గ్లాసు. గ్లాసు ఏం పని చేసింది? ఏమీ చేయలేదు, పగిలింది. ‘రాముడి చేత రావణుడు చంపబడ్డాడు’ అనే వాక్యంలో కర్త ఎవరని తెలుగు మాస్టారిని అడగండి. రాముడనే చెబుతారు, ‘చేత’ తగిలినా సరే. పాణిని నుంచి వచ్చిన ఈ లెక్కలో కర్త, కర్మ అనేవి జరిగిన పనిలో ఎవరి పాత్ర ఏమిటో చెబుతాయి. వాక్యాన్ని తిరగేసినా పాత్రలు మారవు. ఇంగ్లీషు సబ్జెక్ట్ అలా కాదు, అది వాక్యంలో ఒక చోటు. అందులో పని చేసినవాడూ ఉండొచ్చు, పని పాలబడ్డదీ ఉండొచ్చు, అర్థమే లేని మాటా ఉండొచ్చు.

అర్థమే లేని మాట అంటే ఇదే: ‘ఇట్ ఈజ్ రెయినింగ్’. ఏది కురుస్తోంది? ‘ఇట్’ కింద ఏ వస్తువూ లేదు. ఆ చోటు ఖాళీగా ఉంచడానికి ఇంగ్లీషు ఒప్పుకోదు, అందుకే అక్కడ ఒక డమ్మీని నిలబెడుతుంది. ‘రండి’, ‘కూర్చోండి’ లాంటి ఆజ్ఞల్ని పక్కన పెడితే ఇంగ్లీషు వాక్యంలో సబ్జెక్ట్ చోటూ వెర్బ్ చోటూ రెండూ నిండి తీరాలి. తెలుగుకి ఈ పట్టింపు లేదు. ‘ఆయన డాక్టరు’ అంటే వాక్యం పూర్తి, క్రియే లేదు. ‘వచ్చాను’ అంటే వాక్యం పూర్తి, ‘నేను’ అనక్కర్లేదు. ‘నాకు ఆకలిగా ఉంది’లో ఆకలి నా దగ్గరికి వచ్చి ఉంది, ‘ఐ యామ్ హంగ్రీ’లో నేనే సబ్జెక్ట్‌ని అయ్యాను. తెలుగువాళ్ళు ఇంగ్లీషులో ‘ఈజ్’ మింగేయడానికీ, సబ్జెక్ట్ ఎగరగొట్టడానికీ మూలం ఈ తేడాలోనే ఉంది.

సబ్జెక్ట్‌ని పట్టుకోవడానికి ఎవరు చేశారు అని అడిగితే మోసపోతాం. దానికన్నా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. వాక్యం చివర ‘కదా’ అనే అర్థం వచ్చే చిన్న ప్రశ్న తగిలించాలి. ‘ద గ్లాస్ వాజ్ బ్రోకెన్ బై రవి, వాజంట్ ఇట్?’ చివర్లో వచ్చిన ‘ఇట్’ ఎవరిని చూపిస్తోంది? గ్లాసుని. కాబట్టి సబ్జెక్ట్ గ్లాసే. ‘ఇట్ ఈజ్ రెయినింగ్, ఈజంట్ ఇట్?’ అంటే డమ్మీ ‘ఇట్’ సబ్జెక్ట్ అని తేలింది.

ఈ పరీక్ష కూడా ఒకచోట తగువు తెస్తుంది. ‘దేర్ ఆర్ టూ స్నేక్స్ ఇన్ ద గార్డెన్, ఆరంట్ దేర్?’ చివరి ప్రశ్నలో ‘దేర్’ వచ్చింది, అంటే అదే సబ్జెక్ట్. కానీ ‘ఆర్’ అనే బహువచనం వచ్చింది పాములు రెండు కాబట్టి. ఒక్క పామైతే ‘దేర్ ఈజ్’ అంటాం. అంటే వెర్బ్ మాట వింటున్నది పాములది. పాత బడి వ్యాకరణాలు చాలావరకు పాములే అసలు సబ్జెక్ట్ అన్నాయి. రోడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పులమ్ 2002లో తెచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం ‘దేర్’కే ఓటు వేసింది. ర్యాండల్ఫ్ క్వర్క్ బృందం 1985లో వెలువరించిన పెద్ద వ్యాకరణం మధ్యేమార్గంగా ‘దేర్’ వ్యాకరణపు సబ్జెక్ట్, పాములు భావపు సబ్జెక్ట్ అంది. పరీక్షలు రెండు వైపులకి లాగినప్పుడు పేరు విషయంలో ఏకాభిప్రాయం రాదు. వాక్యం ఎలా రాయాలన్న దాంట్లో మాత్రం ఈ ముగ్గురికీ పేచీ లేదు.

సాఫ్ట్‌వేర్ గీసే ప్యాసివ్ గీత గురించి ఒక మాట. ప్యాసివ్ తప్పు కాదు. ఎవరు చేశారో తెలియనప్పుడు, చెప్పనక్కర్లేనప్పుడు అదే సరైన వాక్యం. ఎవరు చేశారో దాచడానికీ అదే పనికొస్తుంది, ‘మిస్టేక్స్ వర్ మేడ్’ అన్నట్టు. రచయితలు దాన్ని అనుమానించేది ఆ రెండో వాడకాన్ని చూసి. ఇంకోటి, ‘వాజ్’ కనిపించిన ప్రతి వాక్యమూ ప్యాసివ్ కాదు. ‘హి వాజ్ స్లీపింగ్’ పక్కా యాక్టివ్.

వెర్బ్ తర్వాత వచ్చేది ఆబ్జెక్టేనా

‘షి మెట్ ఎ డాక్టర్.’ ‘షి బికేమ్ ఎ డాక్టర్.’ మాటల వరస ఒకటే, రకాలు కూడా ఒకటే. పని వేరు. మొదటి వాక్యంలో ఇద్దరు మనుషులున్నారు, ఆమె ఒకరు, డాక్టరు ఒకరు. అక్కడ ‘ఎ డాక్టర్’ ఆబ్జెక్ట్. రెండో వాక్యంలో ఉన్నది ఒక్కరే, ఆమే డాక్టరు. అక్కడ ‘ఎ డాక్టర్’ కాంప్లిమెంట్, అంటే సబ్జెక్ట్ ఎవరో, ఏమిటో చెప్పి వాక్యాన్ని నింపేది. (పొగడ్త అనే కాంప్లిమెంట్ వేరు, ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం తేడా.) ఆబ్జెక్ట్‌ని ప్యాసివ్‌లో ముందుకు తేవచ్చు, కాంప్లిమెంట్‌ని తేలేం.

ఇంకో జంట చూడండి. ‘షి కాల్డ్ హిమ్ ఎ టాక్సీ.’ ‘షి కాల్డ్ హిమ్ ఎ లయర్.’ మొదటిదానిలో అతని కోసం టాక్సీ పిలిచింది. ‘హిమ్’ ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్, టాక్సీ డైరెక్ట్ ఆబ్జెక్ట్. రెండోదానిలో అతన్నే అబద్ధాలకోరు అంది. ‘హిమ్’ ఆబ్జెక్ట్, ‘ఎ లయర్’ ఆ ఆబ్జెక్ట్‌కి కాంప్లిమెంట్. పరీక్ష మళ్ళీ అదే: అతనూ టాక్సీ ఒకటేనా? కాదు. అతనూ లయరూ ఒకటేనా? ఆమె దృష్టిలో అవును. మాటల రకాలు ఎంత బట్టీ పట్టినా ఈ తేడా దొరకదు. పనుల పేర్లు ఉన్నది ఇందుకే.

మిగిలింది అడ్వెర్బియల్. ఎక్కడ, ఎప్పుడు, ఎలా, ఎందుకు అనేవి చెప్పే పని పేరు ఇది. అడ్వెర్బ్ రకం పేరు, అడ్వెర్బియల్ పని పేరు. తోకలో చిన్న తేడా ఉన్న ఈ రెండు పదాలు ఎంత గందరగోళం చేశాయో చెప్పలేం. ‘ఐ మెట్ హిమ్ లాస్ట్ వీక్’లో ‘లాస్ట్ వీక్’ నౌన్ ఫ్రేజ్, కానీ ఎప్పుడో చెబుతోంది కాబట్టి అది చేసేది అడ్వెర్బియల్ పని. ‘ఎట్ నైట్’ అన్నా అంతే, రకం ప్రిపొజిషన్ ఫ్రేజ్, పని అడ్వెర్బియల్. ఇంగ్లండ్‌లో 2014 నుంచి అమలైన పాఠ్యప్రణాళికలో ప్రాథమిక తరగతుల పిల్లలకే ‘ఫ్రంటెడ్ అడ్వెర్బియల్’ నేర్పాలన్నారు. ఆ పేరు విని అక్కడి తల్లిదండ్రులే తలపట్టుకున్నారు. విషయం చిన్నదే: ‘లాస్ట్ వీక్, ఐ మెట్ హిమ్’ అని ఆ ముక్కని వాక్యం ముందుకు తేవడం.

అడ్వెర్బియల్స్‌ని సాధారణంగా తీసేసినా వాక్యం నిలబడుతుంది. ‘షి పుట్ ద కీ ఆన్ ద టేబుల్’లో మాత్రం ‘ఆన్ ద టేబుల్’ తీసేస్తే ‘షి పుట్ ద కీ’ అని గాలిలో వేలాడుతుంది. 1985 నాటి వ్యాకరణం ఇలాంటివాటిని విడిగా లెక్కించింది కాబట్టి ఇంగ్లీషు క్లాజుకి ఏడు మూసలు అంది. పాత లెక్కలో అయిదే. సబ్జెక్ట్–వెర్బ్, సబ్జెక్ట్–వెర్బ్–కాంప్లిమెంట్, సబ్జెక్ట్–వెర్బ్–ఆబ్జెక్ట్, రెండు ఆబ్జెక్టులున్నది, ఆబ్జెక్ట్‌తో పాటు దాని కాంప్లిమెంట్ ఉన్నది. తప్పనిసరి అడ్వెర్బియల్ ఉన్న రెండు మూసలు కలిపితే ఏడు.

ఫ్రేజ్, క్లాజ్, సెంటెన్స్: సమాపక క్రియ ఎక్కడుంది?

పరిమాణం విషయంలో తెలుగువాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. సమాపక క్రియ, అసమాపక క్రియ అనే తేడా మనకి చిన్నప్పుడే నేర్పుతారు. ‘చదివాడు’ సమాపకం, ‘చదివి’, ‘చదువుతూ’, ‘చదివితే’ అసమాపకాలు. ఇంగ్లీషులో ‘ఫైనైట్’, ‘నాన్ ఫైనైట్’ అనేవి దాదాపు ఇవే.

‘ఆఫ్టర్ ద రెయిన్’ అనేది ఫ్రేజ్. క్రియ లేదు. ‘ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్’ అనేది క్లాజ్. సబ్జెక్ట్ ఉంది, ఫైనైట్ వెర్బ్ ఉంది. కానీ మొదట్లో ఉన్న ‘ఆఫ్టర్’ దాన్ని ఇంకో క్లాజుకి కట్టేసింది, అది సబార్డినేట్ క్లాజ్. ఒంటరిగా రాసి ఫుల్‌స్టాప్ పెడితే సాఫ్ట్‌వేర్ ఫ్రాగ్మెంట్ అని గీత గీస్తుంది. ‘వి లెఫ్ట్ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్’ అంటే సెంటెన్స్. ‘వి లెఫ్ట్’ అనే స్వతంత్రమైన మెయిన్ క్లాజ్ దొరికింది. ‘సంపూర్ణ భావం ఇచ్చేదే వాక్యం’ అనే పాత నిర్వచనం ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. భావం ఎప్పుడు సంపూర్ణమైందో ఎవరు తేల్చాలి? స్వతంత్ర క్లాజ్ ఉందా అని అడగడం మేలు.

‘ఆఫ్టర్ ద రెయిన్’లో ‘ఆఫ్టర్’ ప్రిపొజిషన్, ‘ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్’లో కంజంక్షన్ అని బడి లెక్క. రెండు చోట్లా అర్థం ఒకటే, రూపం ఒకటే, వెనక వచ్చేది మారిందని మాట రకమే మారుతుందా అని 2002 వ్యాకరణం అడిగింది, రెండూ ప్రిపొజిషన్లే అంది. డెన్మార్క్‌కి చెందిన ఒట్టో యెస్పర్సన్ 1924లోనే ఈ దారిలో వాదించాడు. వాదన గట్టిదే. పరీక్షల్లో మాత్రం ఇంకా బడి లెక్కే నడుస్తోంది.

సామాన్య, సంయుక్త, సంశ్లిష్ట వాక్యాలనేవి సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్‌లకి జతలని చెబుతారు. జత పూర్తిగా అతకదు. ‘రవి ఇంటికి వచ్చి పుస్తకం చదివాడు’ అనేది తెలుగు పాఠ్యపుస్తకంలో సంశ్లిష్ట వాక్యం, ‘వచ్చి’ అసమాపకం కాబట్టి. ‘రవి కేమ్ హోమ్ అండ్ రెడ్ ఎ బుక్’ మాత్రం ఇంగ్లీషులో కాంప్లెక్స్ కాదు. రెండు వెర్బులూ ఫైనైటే, ‘అండ్’ రెంటినీ సమానంగా కలిపింది. ఒకే సబ్జెక్ట్ కాబట్టి సింపుల్ అని కొందరు, రెండో క్లాజులో సబ్జెక్ట్ మళ్ళీ చెప్పలేదంతే కాబట్టి కాంపౌండ్ అని కొందరు అంటారు.

ఒక్క ‘ఇంగ్’, తెలుగులో మూడు రూపాలు

జెరండ్, పార్టిసిపుల్ తేడా చాలామందికి ఎప్పటికీ అంతు చిక్కదు. తెలుగులో పెట్టి చూస్తే తేలిగ్గా దొరుకుతుంది. ‘రీడింగ్ హెల్ప్స్’ – చదవడం మేలు చేస్తుంది. ‘ద బాయ్ రీడింగ్ దేర్’ – అక్కడ చదువుతున్న అబ్బాయి. ‘షి శాట్ దేర్, రీడింగ్’ – చదువుతూ కూర్చుంది. ‘-అడం’ వస్తే జెరండ్, అంటే నౌన్ పని చేసేది. ‘-తున్న’, ‘-తూ’ వస్తే పార్టిసిపుల్. ఇంగ్లీషు ఒకే తోకతో నెట్టుకొచ్చే పనులకి మనకి వేరువేరు తోకలున్నాయి.

ఈ చిట్కా అన్నిచోట్లా పనిచేయదు. ‘స్లీపింగ్ చైల్డ్’ నిద్రపోతున్న పాప, పార్టిసిపుల్. ‘స్లీపింగ్ బ్యాగ్’ నిద్రపోతున్న సంచి కాదు, నిద్రపోవడానికి సంచి. అక్కడ జెరండ్. అసలు రూపం ఒకటే అయినప్పుడు రెండు పేర్లెందుకని 2002 వ్యాకరణం వాటిని ‘జెరండ్ పార్టిసిపుల్’ అని కలిపేసింది. రూపం చూసే ఇంగ్లీషువాడికి ఆ మాట సబబే. తెలుగు నుంచి ఇంగ్లీషుకి వెళ్ళేవాడికి పాత విభజనే ఎక్కువ పనికొస్తుందని నాకనిపిస్తుంది.

టెన్సులు పన్నెండా, రెండా

పన్నెండు లెక్క ఇలా వచ్చింది: పాస్ట్, ప్రెజెంట్, ఫ్యూచర్ మూడు, ఒక్కోదానికి సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్ అని నాలుగు. రెండే అనేవాళ్ళు వెర్బ్ రూపాన్ని చూస్తారు. ‘వాక్’, ‘వాక్స్’ ఒక జట్టు, ‘వాక్డ్’ ఇంకోటి. భవిష్యత్తు కోసం వెర్బ్ తన రూపం మార్చుకోదు. ‘విల్’ని అరువు తెచ్చుకుంటుంది, అది ‘కెన్’, ‘మే’, ‘మస్ట్’ల కుటుంబంలోని మోడల్ వెర్బ్, అంటే వీలు, అనుమతి, తప్పనిసరి లాంటివి చెప్పే సహాయక క్రియ. పైగా ‘విల్’ ఎప్పుడూ రేపటి సంగతే చెప్పదు. తలుపు చప్పుడైతే ‘దట్ విల్ బి ద పోస్ట్‌మ్యాన్’ అంటారు, అంటే పోస్ట్‌మ్యానే అయ్యుంటాడని ఇప్పటి గురించి ఊహ. రేపటి సంగతి చెప్పడానికి ‘విల్’ లేకుండానూ కుదురుతుంది: ‘ద ట్రైన్ లీవ్స్ టుమారో’.

ఇది విడ్డూరంగా అనిపిస్తే తెలుగునే చూడండి. ‘రోజూ వెళ్తాను’, ‘రేపు వెళ్తాను’. ఒకే రూపం అలవాటునీ భవిష్యత్తునీ మోస్తోంది. కాలం మూడు ముక్కలైనంత మాత్రాన క్రియకి మూడు రూపాలు ఉండాలని లేదు.

కంటిన్యువస్, పర్ఫెక్ట్ అనేవాటిని భాషావేత్తలు ‘ఆస్పెక్ట్’ అంటారు. పని ఎప్పుడు జరిగిందన్నది టెన్స్ సంగతి. జరుగుతూ ఉందా, అయిపోయి దాని ఫలితం మిగిలిందా అన్నది ఆస్పెక్ట్ సంగతి. ‘ఐ లాస్ట్ మై కీ’ అంటే ఎప్పుడో పోయింది, తర్వాత దొరికి ఉండొచ్చు. ‘ఐ హావ్ లాస్ట్ మై కీ’ అంటే ఇప్పుడు కూడా చేతిలో లేదు. తెలుగులో రెంటికీ ‘పోగొట్టుకున్నాను’ సరిపోతుంది కాబట్టి ‘ఐ హావ్ లాస్ట్ మై కీ యెస్టర్డే’ అనే తప్పు దొర్లుతుంది. ‘హావ్’ ఇప్పటికి ముడివేస్తే ‘యెస్టర్డే’ నిన్నటికి లాగుతుంది.

పన్నెండు గళ్ళ పట్టిక అబద్ధం కాదు. ఏ కలయికకి ఏ రూపమో ఒక్క చూపులో చూపిస్తుంది, నేర్చుకునేవాడికి కావలసిందీ అదే. ఎందుకు అలా అని అడిగినప్పుడు మాత్రం అది చేతులెత్తేస్తుంది, అక్కడ టెన్స్‌నీ ఆస్పెక్ట్‌నీ విడదీసిన లెక్క కావాలి.

పొడుగు వాక్యం ఒకటి విప్పితే

‘ద గర్ల్ హూ లివ్స్ నెక్స్ట్ డోర్ సెడ్ దట్ షి హ్యాడ్ లాస్ట్ హర్ కీస్ బిఫోర్ ద ట్రైన్ లెఫ్ట్.’

ముందు ఫైనైట్ వెర్బులు ఏరుదాం: లివ్స్, సెడ్, హ్యాడ్ లాస్ట్, లెఫ్ట్. నాలుగు, అంటే నాలుగు క్లాజులు. వీటిలో ఏ బంధకపు మాటా ముందు లేనిది ‘సెడ్’ ఒక్కటే. కాబట్టి మెయిన్ క్లాజ్ దానిదే. దాని సబ్జెక్ట్ ‘ద గర్ల్’ ఒక్కటే కాదు, ‘ద గర్ల్ హూ లివ్స్ నెక్స్ట్ డోర్’ అనే మొత్తం నౌన్ ఫ్రేజ్. అందులో ‘హూ’తో మొదలైన క్లాజ్ అమ్మాయిని వర్ణించే మాడిఫయర్. దాన్ని రిలేటివ్ క్లాజ్ అంటారు. మనం ‘పక్కింట్లో ఉండే’ అని ఒక్క అసమాపక రూపంతో కానిచ్చే పని అది. ఏం చెప్పింది? ‘దట్’ తర్వాతదంతా. ఆ మొత్తం క్లాజ్ ‘సెడ్’కి ఆబ్జెక్ట్. ఒక క్లాజంత పెద్ద ముక్క ఆబ్జెక్ట్ అనే చిన్న పనిలో కూర్చుంది.

ఇక ‘బిఫోర్ ద ట్రైన్ లెఫ్ట్’. పరిమాణం క్లాజ్, పని అడ్వెర్బియల్. ఏ వెర్బుకి? ‘హ్యాడ్ లాస్ట్’కి అయితే రైలు కదలకముందే తాళంచెవులు పోయాయి, ఆ సంగతి ఆమె తర్వాతెప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ‘సెడ్’కి అయితే రైలు కదలకముందే ఆమె ఆ మాట చెప్పింది. మాటల్లో ఒక్క అక్షరం మారలేదు, ఏ మాట రకమూ మారలేదు. వేలాడే కొమ్మ మారింది, అర్థం రెండైంది. రాసినవాడి ఉద్దేశం రెండోదైతే ఆ ముక్కని ముందుకు తెచ్చి, కామా పెట్టి, ‘బిఫోర్ ద ట్రైన్ లెఫ్ట్, ద గర్ల్ హూ లివ్స్ నెక్స్ట్ డోర్ సెడ్…’ అని మొదలుపెట్టాలి. మొదటిదైతే ‘…సెడ్ దట్, బిఫోర్ ద ట్రైన్ లెఫ్ట్, షి హ్యాడ్ లాస్ట్ హర్ కీస్’ అని దాన్ని ‘దట్’ వెనక్కి చేర్చాలి.